ఎవరి ఆలోచన అని అడిగినప్పుడు

తలనొప్పి బామ్ వాసన తగిలితే చాలామందికి జలుబో అమ్మమ్మో గుర్తొస్తారు. నాకు అరచేతులకు చెమట పడుతుంది. మొన్న హన్మకొండలో మా పాత కాలేజీకి వెళ్లినప్పుడు అదే జరిగింది. డిగ్రీ పూర్తి చేసి పై చదువులకు వెళ్లే పిల్లలకు పాత విద్యార్థులంతా కలిసి ఇచ్చే ఫెలోషిప్ ఒకటి ఆ కాలేజీలో ఉంది. దాని ఇంటర్వ్యూలకు ఈసారి నన్నూ బోర్డులో కూర్చోమన్నారు. ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద ఒక అమ్మాయి కళ్లు మూసుకొని కణతలకు బామ్ రుద్దుకుంటోంది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే, నేను ప్రశ్నలు అడగడానికి వచ్చినదాన్నని మరిచిపోయి, పవిట సర్దుకుని ఆ బెంచీ చివర కూర్చోబోయాను. "మేడం, మీరు లోపలికి" అని అటెండర్ అనకపోతే కూర్చునేదాన్నే. ఇన్నేళ్ల ఉద్యోగం, పేరు ముందు డాక్టరు, అన్నీ ఆ ఒక్క వాసనకు చెల్లాచెదురైపోయాయి.

ఆ వాసన సులోచన మేడంది. మాకు కెమిస్ట్రీ చెప్పేవారు. పొట్టిగా, గుండ్రంగా ఉండేవారు. మధ్యాహ్నం ల్యాబ్ మొదలయ్యే ముందు కణతలకు బామ్ రాసుకోవడం ఆమెకు పూజ లాంటిది, తలనొప్పి ఉన్నా లేకున్నా జరగాల్సిందే. "మీ రికార్డులు దిద్దేటప్పుడు ఎట్లాగూ వస్తది, ముందే రాసుకుంటే ఫాయిదా" అనేవారు. వరంగల్ బజారులో వాళ్ల నాన్నకు ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం ఉండేది. చిన్నప్పుడు బడి నుంచి నేరుగా దుకాణానికే వెళ్లి, గల్లాపెట్టె పక్కన కూర్చుని చదువుకునేవారట. ఆ దుకాణం ఆమెను ఎప్పుడూ వదల్లేదు. బీకరు చేతిలోకి తీసుకుంటే గోటితో ఒకసారి టంగుమనిపించి, పగులు లేదని చెవితో తేల్చుకున్నాకే బల్ల మీద పెట్టేవారు. మమ్మల్నీ అలాగే చూసేవారు. ఒక ప్రశ్నతో కొట్టి, మోత ఎలా ఉందో వినేవారు. నా మోత బొత్తిగా బాగుండేది కాదు.

నాది నర్సంపేట దగ్గర పల్లె. మా ఇంట్లో చెప్పుకోదగ్గ ఆస్తి లేకున్నా భయం మాత్రం తరతరాలుగా ఉంది. వాన పడకపోతే భయం, పడితే ఆగదేమోనని భయం. పెద్దల ఆస్తిని నేను బాగానే వృద్ధి చేశాను. క్లాసులో హాజరు పలకడానికి కూడా పక్కనున్న అమ్మాయి మోచేత్తో పొడవాల్సి వచ్చేది. అలాంటిదాన్ని మేడం ఎందుకు పట్టుకున్నారో అప్పట్లో నాకు అర్థం కాలేదు, ఇప్పుడు కొంచెం కొంచెం అవుతోంది.

ఆఖరి ఏడాదిలో ఒకరోజు ఆమె పుస్తకం మూసేసి, "దీంట్ల లేని ప్రశ్న ఒక్కటి అడుగున్రి" అన్నారు. క్లాసంతా నేల చూపులు చూసింది. నేనూ అంతే. బెల్లు కొట్టి అందరూ వెళ్లిపోయాక మాత్రం ల్యాబ్ గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"ఏందే, ఏమన్న మర్చిపోయినవా?"

"లే మేడం. ఒకటి అడుగుదామని."

"అడుగు మరి. నేనేమన్న పులినా?"

మా అమ్మ గురించి చెప్పాను. ఏడాది పొడుగునా చేత్తో అన్నం తినే మనిషి, పత్తి ఏరే రోజుల్లో మాత్రం స్పూన్‌తో తింటుంది. పత్తికాయ ఎండి విచ్చుకుంటే పెంకు అంచులు ముళ్లలా ఉంటాయి. అవి వేళ్లను గీస్తాయి, ఆ గీతల్లోకి కారం పోతే మంట. ఇంతవరకు ఊళ్లో అందరికీ తెలిసిందే. నాకు తోచింది ఇంకొకటి. పురుగుమందు ముందుగానే ఆపేసిన చేనులో ఏరి వచ్చిన రోజు, గీతలు అన్నే ఉన్నా అమ్మకు అంత మంట ఉండదు. ఆఖరిదాకా మందు కొట్టిన చేనులో ఏరితే తెల్లారినా తగ్గదు. అయితే ఆ మందు దూదిలో నిలుస్తుందా, పెంకులో నిలుస్తుందా, ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇది ఏ పుస్తకంలో దొరుకుతుంది మేడం, అని అడిగాను.

ఆమె బామ్ డబ్బాకు మూత పెట్టబోతూ ఆగిపోయారు. "గిది నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పలే మేడం. నాకే అనిపిచ్చింది."

"కూసో" అన్నారు. ల్యాబ్‌లో స్టూలు మీద ఒక స్టూడెంటును ఆమె కూర్చోబెట్టడం అదే మొదటిసారి చూశాను, అది నేనే కావడంతో మరీ కంగారుపడ్డాను.

ఆ ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టమన్నారు. అది ఇవ్వాలంటే బోర్డు చూసేవి రెండే: నీకంటూ ఒక ప్రశ్న ఉందా, దాన్ని వెతుక్కుంటూ పోయే దమ్ముందా. ప్రశ్న ఉంది. దమ్ము సంగతి మేడం తన మీద వేసుకున్నారు. ఆమె పద్ధతి వేరు. సాయంత్రం క్లాసులయ్యాక నన్ను ల్యాబ్ బల్లకు అవతల నిలబెట్టి, తాను ఇవతల నిలబడి, "ఇది దుకాణం. నేను గిరాకీని. ఇగ అమ్ము" అనేవారు.

"పత్తి మీద పురుగుమందు మేడం..."

"మందుల దుకాణం పెట్టినవా? సక్కగ చెప్పు. లేకుంటే నేను పక్క దుకాణంకు పోతాన."

నిజంగానే కుచ్చిళ్లు పట్టుకుని గుమ్మం వైపు నడిచేవారు. నేను వెనక నుంచి గొంతు పెంచి చెప్పాలి. మాటలో పస ఉంటే ఆగేవారు, లేకపోతే కారిడార్‌లోకి వెళ్లిపోయేవారు. ఆ బోసి గదిలో, పిపెట్ల మధ్య, గిరాకీ పోయిన దుకాణందారులా నిలబడేదాన్ని. ఏడుపొచ్చేది. కాసేపటికి ఆమె మళ్లీ వచ్చి, "కొనేటోడు సరుకు గురించి అన్ని అడుగుతడు. ఎన్ని దినాలు ఉంటది, పగిల్తే ఎట్ల, ఎదురు దుకాణంల లేదా అంటడు. అడిగినప్పుడు తల కిందికేస్తే కల్తీ సరుకు అనుకుంటడు. తల లేపు" అనేవారు. వేసవి సెలవుల్లోనూ నర్సంపేట బస్సెక్కి వచ్చి ఆ దుకాణం నడిపాను. ఆమె అడగని ప్రశ్న లేదు, ఒక్కటి తప్ప. అది అడగాలని ఆమెకూ తట్టలేదు.

ఇంటర్వ్యూలో ముగ్గురున్నారు: మా ప్రిన్సిపాల్, ఎక్కడో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఒక పాత విద్యార్థి, హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక ప్రొఫెసర్. అన్నిటికీ జవాబు చెప్పాను. ఎవరూ లేచి పక్క దుకాణానికి పోలేదు. చివర్లో ప్రొఫెసర్ నవ్వుతూ, "చాలా మంచి ఆలోచనమ్మా. ఎవరిది ఇది?" అన్నారు.

రెండు చేతులూ జోడించి, "అంతా మా సులోచన మేడం గారిదే సార్. ఆమె దయ" అన్నాను.

మా ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. పంట బాగా పండిందేమని ఎవరైనా అడిగితే మా బాపు "అంత మీ దయ" అంటాడు, అడిగినవాడు ఆ పొలం మొహం చూసి ఉండకపోయినా సరే. నేను పదో తరగతి పాసైనప్పుడు ఊరంతా తిరిగి ప్రతి గడపలోనూ "మీ దయ" అని చెప్పి వచ్చాను. చేసింది తనే అయినా పెద్దల ఖాతాలో వేయడం మాకు మర్యాద. "నేను చేసిన" అన్నవాడిని పొగరుబోతు అంటారు. ఆ మాట అని గది బయటికి వస్తుంటే నా మనసు ఎంత తేలికగా ఉందో చెప్పలేను. మిగతావి ఎలా చెప్పినా, చివరి జవాబు మాత్రం పెద్దలు మెచ్చేలా చెప్పాననుకున్నాను.

ఎంపికైనవాళ్ల పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టారు. నా పేరు లేదు. ఒక చోటు మాత్రం ఖాళీగా ఉంచారు, సరైనవాళ్లు లేరని. ప్రిన్సిపాల్ సార్ మా సులోచన మేడంను పిలిపించుకున్నారని, ఆలోచన మొత్తం ఆమెదే, అమ్మాయి చేత వల్లె వేయించి పంపారని ప్రొఫెసర్ అభిప్రాయపడ్డారని మధ్యాహ్నానికి స్టాఫ్ రూమంతా తెలిసింది. మేడం అన్నేళ్లుగా ఎవరి చేతా మాట పడని మనిషి. అప్పుడు గానీ నేనేం చేశానో నాకు అర్థం కాలేదు. కాళ్లు ల్యాబ్ వైపు కదలడం లేదు, ఇంటికీ కదలడం లేదు.

చివరికి ల్యాబ్‌కు వెళితే ఆమె అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

"సరుకు నీది. మంది ముంగట నాదని చెప్పినవ్. ఇప్పుడు నేను నీతోని దొంగ సరుకు అమ్మిచ్చినట్టైంది."

"గౌరవంతోని అన్న మేడం."

"తెల్సు. గౌరవంతోనే ముంచినవ్. నువ్వు మునిగినవ్, నన్ను ముంచినవ్."

ఏడుస్తూనే అడిగాను, ఒక్క మాట ప్రిన్సిపాల్ సార్‌తో మీరు చెప్పండి, ఆలోచన నాదేనని మీకు తెలుసు కదా అని.

"నేను చెప్తే మల్ల అది నా మాటే అయితది. సమజైతాందా? ఆ గదిల ఇగ నా నోరు పనిచెయ్యదు. నీదే పనిచేస్తది. ఖాళీ చోటు కోసం మల్ల కూసుంటరట. నన్ను ఇంకోసారి పిలువున్రి అని నువ్వే పోయి అడుగు. నేను వెంబడి రాను."

వెళ్లి అడిగాను. ప్రిన్సిపాల్ గది గుమ్మం దాటడానికి ఎన్నిసార్లు కారిడార్ చివరిదాకా వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చానో ఆ కుండకే తెలియాలి. ఆయన "చూద్దాంలే" అన్నారు. రెండు రోజుల తర్వాత రమ్మని కబురు వచ్చింది.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం దిగదు. హైదరాబాద్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చి ఉంది. నెలాఖరులోగా చేరకపోతే పోతుంది. ఫెలోషిప్ లేకపోతే చేరడమనే మాటే లేదు. బాపు పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ, నా వైపు చూడకుండా, "నర్సంపేటల ప్రైవేటు బడిల టీచరమ్మ కావాల్నంటాన్రట. జర సోంచాయించు బిడ్డా. ఊకె ఫికర్ పెట్టుకోకు" అన్నాడు. నన్ను ఊరడించాలనే అన్నాడు. ఆ మాటే నన్ను ఎక్కువ భయపెట్టింది, ఎందుకంటే అది జరిగిపోయేలా ఉంది.

అమ్మ దారి అమ్మది. "మేడం కాళ్లు మొక్కిరా. ఆమెనే చెప్తది."

"ఆమె చెప్పదట అమ్మా. నన్నే చెప్పుకొమ్మన్నది."

"గట్లెట్ల? పెద్దోళ్లు చెప్పకుంటే మనల్ని ఎవలు నమ్ముతరు?"

నాకూ అదే అనుమానం. బస్సులో కిటికీ వైపు తిరిగి "నాది, ఈ ఆలోచన నాది" అని పెదవులతో అనుకుంటూ వెళ్లాను. అన్నంలో రాయి పంటి కింద పడ్డట్టు ఉండేది ఆ మాట. పక్కన కూర్చున్న ముసలామె "ఏం పోయింది బిడ్డా నీది?" అని అడిగింది.

మళ్లీ బోర్డు కూర్చున్న రోజు మేడం కాలేజీకి రాలేదు. సెలవు పెట్టి, తమ్ముడు చూసుకుంటున్న దుకాణంలో పోయి కూర్చున్నారట, తలుపు చాటున ఆమె ఉందని ఎవరూ అనకూడదని. ఆ సంగతి తెలిసి నాకు ఇంకా భయమేసింది. ఆ కాలేజీలో ఆమె లేకుండా నేనెప్పుడూ నోరు తెరవలేదు.

ప్రొఫెసర్ ఈసారి నవ్వలేదు. "పోయినసారి మీ మేడంది అన్నావు. ఈసారి నీదంటున్నావు. రెండింట్లో ఒకటి అబద్ధం కదమ్మా?"

పైన ఫ్యాన్ కిర్రుమంటోంది. తల కిందికి వాలబోయింది, లేపాను.

"అప్పుడు చెప్పింది మర్యాద సార్. ఇది నిజం."

"ఎలా నమ్మమంటావు?"

అమ్మ స్పూన్ సంగతి చెప్పాను. నేర్చుకున్న పుస్తకం మాటలన్నీ ఎటో పోయి ఇంటి మాటలే వచ్చాయి. "పత్తి ఏరినన్ని దినాలు మా అమ్మ చెయ్యితోని తినది సార్. మా మేడం వాళ్లది సామాన్ల దుకాణం. వాళ్లింట్ల ఎవలు పత్తి ఏరలే. ఈ ప్రశ్న ఆమెకు రాదు సార్. రావాల్నంటే మా ఇంట్ల పుట్టాలె."

అంటుంటే నాలుక పీకేసుకోవాలనిపించింది. గురువును పట్టుకుని ఆమెకు రాదు అనడం. పాత విద్యార్థి గారు మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "మీ అమ్మకు ఇప్పుడెలా ఉంది?" అని అడిగారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు.

ఫెలోషిప్ వచ్చింది. పేడా డబ్బా పట్టుకుని నేరుగా దుకాణానికి వెళ్లాను. మేడం ఎవరికో స్టీలు గిన్నె చూపిస్తున్నారు. "ఎవల పేరు చెప్పినవ్?" అన్నారు, గిన్నె మీంచి చూపు తిప్పకుండానే. నా పేరే చెప్పానన్నాను. మీకు ఈ ప్రశ్న రాదన్నానని కూడా చెప్పేశాను. ఆమె పేడా తీసుకుని సగం కొరికి, "మంచిగైంది. నిజంగనే రాదు నాకు" అన్నారు. మళ్లీ గిరాకీ వైపు తిరిగిపోయారు.

అక్కడితో నా భయం తీరిందనుకుంటే పొరపాటు. అది రూపం మార్చుకుంది. ఎమ్మెస్సీ, తర్వాత రీసెర్చ్, తర్వాత ఉద్యోగం. ప్రతి మెట్టు దగ్గరా ఇది నాదేనా అన్న బెంగ. ఆ రోజు ఆమె "కూసో" అనకపోతే నా ప్రశ్న గుమ్మం దగ్గరే చచ్చిపోయేది కదా. ఆమె గుమ్మం దాకా నడవకపోతే నాకు గొంతే ఉండేది కాదు కదా. అలాంటప్పుడు నాది అని చెప్పింది ఎంత నిజం? ఒకసారి ఆ మాటే ఆమెను అడిగాను. దుకాణంలో ఒకామె బిందె కొనుక్కుని చంకన పెట్టుకుని వెళ్తోంది. మేడం అటు చూపించారు.

"కంచరాయన చేసిండు. మావాడు అమ్మిండు. ఆమె నీళ్లు మోస్తది. బిందె ఎవలది?"

"ఆమెదే మేడం."

"మరి? పోయి నీళ్లు మొయ్యి."

నీళ్లు మోస్తూనే ఉన్నాను. ఎవరి ఆలోచన అని ఎవరు అడిగినా తల ఎత్తి నాదేనని చెబుతాను. చెప్పిన ప్రతిసారీ గుండె దడదడలాడుతుంది, అయినా చెబుతాను. అరచేతుల చెమటతో పాటు అదీ ఆమె ఇచ్చిందే.

మేడం పోయి ఏడాది కావస్తోంది. అంతకుముందు చలికాలంలో చూడటానికి వెళ్లాను. పెళ్లి చేసుకోలేదు, తమ్ముడి కొడుకు ఇంట్లో ఉండేవారు. అప్పటికి జ్ఞాపకం బాగా చెదిరిపోయింది. నన్ను గుర్తుపట్టలేదు. బాగా చిక్కి, కుర్చీలో ఒదిగి కూర్చున్నారు. ఎవరినో చుట్టపామెను చూసినట్టు చూసి, ఏం పని చేస్తావని అడిగారు. పత్తి మీద రీసెర్చ్ అన్నాను. ఆ మాటకు ఆమె ముఖంలో వెలుగొచ్చింది.

"మా అమ్మ పత్తి ఏరుతుండె" అన్నారు. "చేతులు మస్తు మండుతుండె ఆమెకు. నేను చిన్నగున్నప్పుడు చూసిన. అప్పుడే అనుకున్న, గిదేందో తెల్సుకోవాలె అని."

తమ్ముడి కోడలు నా చెవిలో, "ఏమనుకోకున్రి అక్కా. వాళ్లమ్మ దుకాణం ఇల్లు తప్ప చేను మొఖం చూడలే. ఈమె ఈ మధ్య గిట్లనే చెప్తాంది, వచ్చినోళ్లందరికి" అంది.

మేడం నా వైపే చూస్తున్నారు. "అబద్ధం కాదు. నువ్వు చెప్పు, మండుతయా మండయా?"

"మండుతయి మేడం" అన్నాను.

"నేను గూడ ఏరిన. అమ్మ వెంబడి పోయి."

ఆ రెండు చేతులనూ నా చేతుల్లోకి తీసుకున్నాను. మెత్తగా, తెల్లగా ఉన్నాయి, ఎక్కడా ఒక్క గీత లేదు. ఇప్పుడెట్లున్నయి మేడం, మండుతున్నయా అని అడిగాను.

"ఇప్పుడు జర నయం బిడ్డా" అన్నారు.